పిన్ని రాసిన పన్నెండు సినిమాలు

కిందటి నెలలో ఓ పొద్దున్న సన్యాసిరావు గారి మనవడు మా ఇంటికి వచ్చాడు. పేరు కిరణ్. ముప్పై ఏళ్లుంటాయేమో. చెప్పులు గుమ్మం బయటే విప్పి, వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాను. మోకాళ్ల నొప్పులనుకున్నాడు కాబోలు, "సారీ ఆంటీ" అన్నాడు. నా మోకాళ్లకేమీ కాలేదు. ఆ ఇంటివాళ్ల తల నా పాదాల దగ్గర ఉండడం నాకిష్టం లేదు, అంతే.

కుర్చీ చివర కూర్చుని ఫోను తీశాడు. "తాతగారి పేరు మీద సెక్టర్ సిక్స్ హాల్లో ఫిల్మ్ వీక్ పెడుతున్నాం ఆంటీ. ఏడు రోజులు, ఏడు సినిమాలు. హర్ టైప్ కా. ఫ్యామిలీది ఒకటి, కామెడీ ఒకటి, థ్రిల్లర్ ఒకటి, పిల్లలది ఒకటి, దయ్యాలది కూడా. తాతగారు అలాగే సెలెక్ట్ చేసేవారంట కదా, పాతవాళ్లందరూ చెప్తారు. మీరు రైటర్, పైగా అప్పుడు చూసినవాళ్లు. ఆయన టేస్ట్ గురించి బస్ దో పేజ్ రాసివ్వండి చాలు." ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగిన పిల్లాడు, తెలుగు కొంచెం తడుముకుని మాట్లాడతాడు. మర్యాదస్తుడే. ఆ మర్యాద చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండింది. ఫిల్మ్ వీక్ సంచికలో వేస్తామంటూ తాతగారి ఫైల్లో దొరికిన ఓ కాగితం ఫోటో చూపించాడు. షిఫ్టు రిపోర్టు ఫారం వెనకవైపు పన్నెండు సినిమాల పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక్కో నెల. కింద సన్యాసిరావు గారి సంతకం. పైన పన్నెండు పేర్లూ మా పిన్ని చేతిరాత.

ఆ రాత నేను పొరబడను. నాకు అక్షరాలు దిద్దించింది ఆ చెయ్యే. "ఆలోచించి చెప్తాను బాబూ" అని పంపేశాను. అప్పుడే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. చెప్పాల్సిన చోట చెప్పకపోవడం మా ఇంట్లో బాగా అలవాటైన పని.

ఆ రోజుల్లో మేము సెక్టర్ ఆరులో రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్న ఉక్కు ప్లాంటులో చార్జిమన్. పొద్దున్న షిఫ్టు సైరన్ మోగకముందే మా వీధంతా సైకిళ్ల చప్పుడు. పెరట్లో బొగ్గుల సిగ్డీ రాజేస్తే పొగ వంటగదిలోకే వచ్చేది. పిన్ని విసనకర్రతో పొగని నాన్న చొక్కా ఆరేసిన వైపు పోకుండా తోలేది. ఆ చొక్కా ఎంత ఉతికినా గ్రీజు వాసన పోయేది కాదు. తీగమీద బట్టలు మధ్యాహ్నానికి ప్లాంటు దుమ్ముతో ఎర్రబారేవి. అమ్మ దులిపి దులిపి విసుక్కునేది. వంటంతా పిన్నిది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర చేస్తే పక్క క్వార్టర్లో మలయాళీ ఆంటీ గోడమీంచి గిన్నె అందించేది. సాయంత్రం నాన్న వచ్చి బూట్లు విప్పుతూ, "నీళ్లు" అనేవాడు. ఎవరినీ ఉద్దేశించి అనేవాడు కాదు. పిన్ని తెచ్చి పక్కన పెట్టేది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తొమ్మిదేళ్లు అలా గడిపారు.

పిన్ని పేరు సత్యవతి. అమ్మకి చెల్లెలు. బొబ్బిలి దగ్గర ఇచ్చారు. మొగుడు కొట్టేవాడు. రెండేళ్లు చూసి, మూడో ఏడు ఓ రోజు కుట్టుమిషన్ రిక్షాలో వేసుకుని స్టేషనుకొచ్చి మా దగ్గరికి బయల్దేరింది. ఆవిడ చేతి బొమిక వంకరగా అతుక్కుని ఉండేది. ఎప్పుడైనా నేను తడిమి చూస్తే, "ఏటే, కొత్తగా చూస్తున్నావా?" అనేది నవ్వుతూ. "కొన్నాళ్లుండి వెళ్తుంది" అని అమ్మ అందరికీ చెప్పేది. ఆ కొన్నాళ్లు అయిపోలేదు. పిన్ని వీధిలో ఆడవాళ్లకి జాకెట్లు కుట్టేది. వాళ్ల దగ్గర్నుంచి సినిమా పత్రికలు తెచ్చుకునేది. విశాఖపట్నం వెళ్లొచ్చేవాళ్లెవరైనా ఉంటే చెప్పి తెప్పించుకునేది. చదవడమే కాదు. ఏ సినిమాలో కథ ఎక్కడ నడిచింది, ఎక్కడ చతికిలబడింది, ఎవరు బాగా చేశారు, ఎవరు ఊరికే ఏడ్చారు, అన్నీ మిషన్ తొక్కుతూ నాకు చెప్పేది. పెద్దయ్యాక నేను రాయడం నేర్చుకున్నది ఎక్కడని ఎవరైనా అడిగితే ఏవో పుస్తకాల పేర్లు చెబుతాను. అది అబద్ధం. ఆ మిషన్ పక్కన ముక్కాలిపీట మీద నేర్చుకున్నాను.

మా సెక్టర్లో తెలుగు సంఘానికి నెలకోసారి, ఆదివారం పొద్దున్న, హాల్లో సినిమా. రీళ్ల పెట్టెలు రైల్లో పవర్ హౌస్ అనే స్టేషనుకొస్తే రిక్షాలో తెచ్చేవారు. సంఘానికి సన్యాసిరావు గారు కార్యదర్శి. ప్లాంటులో నాన్న పనిచేసే షాపులో, అంటే ఆ విభాగంలో, ఆయనే పెద్ద ఇంజనీరు. తెల్ల పంచె, ఇస్త్రీ లాల్చీ, సినిమా మొదలయ్యే ముందు మైకు పట్టుకుని రెండు ముక్కలు. గొంతు బాగుండేది, అది మాత్రం ఒప్పుకోవాలి. ఓసారి ఆయన భార్య జాకెట్లు తెచ్చుకోవడానికి వచ్చి పిన్ని మాటలు విని ఇంట్లో చెప్పింది. మర్నాడు షాపులో ఆయన మా నాన్నని పేరు పెట్టి పిలిచి, "మీ మరదలుగారికి సినిమాలు బాగా తెలుసటగా, వచ్చే ఏడాదికి ఓ పన్నెండు రాసిమ్మనవయ్యా" అన్నారు. నాన్న పొంగిపోయాడు. పిన్ని తెలివి చూసి కాదు, ఆయన తనని పేరు పెట్టి పిలిచాడని.

ఏటా ఆ పన్నెండూ రాయడానికి పిన్ని నెల రోజులు తీసుకునేది. "అన్నీ ఏడుపు సినిమాలే వేస్తే ఆడోళ్లు రెండో నెలకి రారు. అన్నీ కత్తియుద్ధాలే వేస్తే మొగోళ్లు తప్ప ఎవరూ రారు. అందర్నీ కూర్చోబెట్టాల, అందరికీ కొంచెం కొత్తగా ఉండాల" అనేది. పౌరాణికం దసరాల నెలలో కాకుండా వేరే నెలలో పెట్టేది. పండగలో ఎలాగూ భక్తే కదా, అప్పుడు హాస్యం కావాలని ఆవిడ వాదన. ఎండల్లో మాయలూ మంత్రాలూ ఉన్న జానపదం. పరీక్షల ముందు దయ్యాలొద్దు, పరీక్షలయ్యాక తప్పకుండా ఒకటి. హంతకుడెవరో చివరిదాకా తెలియని అపరాధ పరిశోధన ఒకటి. ఏడాదికోసారి భాష రాని సినిమా, బెంగాలీదో మలయాళందో. "పక్కింటోళ్లు ఎలా ఏడుస్తారో మనమూ చూడాల కదేటే" అనేది. మలయాళం సినిమా వేసిన నెల మలయాళీ ఆంటీ ముందు వరసలో కూర్చుని మా అమ్మకి కథంతా హిందీలో చెప్పింది. ఆ హాలు ఆరేళ్లు నిండడానికి కారణం ఆ కాగితాలు. వాటిని మడిచి సన్యాసిరావు గారింటికి తీసుకెళ్లి ఇచ్చేది నేను. ఆయన తీసుకుని, "మంచిది, వెళ్లిరా" అనేవారు. ఆదివారం మైకులో మాత్రం, "ఈ ఏడాది నేను ఎంతో ఆలోచించి ఎంపిక చేసిన చిత్రాలు" అనేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. పిన్ని కూడా కొట్టేది.  లేచి నిజం చెప్పాలని నాకు ప్రతిసారీ అనిపించేది.

నాకు పన్నెండేళ్లప్పుడు ఆ అవకాశం వచ్చింది.

ఆ నెల సినిమాలో, తాగొచ్చి కొట్టే మొగుణ్ణి భార్య వదిలేసి వెళ్లిపోతుంది. అంతవరకూ పర్వాలేదు, అలాంటివి అందరూ చూసినవే. చివర్లో మొగుడు మారి, చేతులు జోడించి వచ్చి పిలుస్తాడు. ఆవిడ వెళ్లదు. తలుపేసుకుంటుంది. అక్కడే అయిపోతుంది సినిమా. హాల్లో దీపాలు వెలిగేసరికి ఆడవాళ్లు చాలామంది కొంగులతో కళ్లు తుడుచుకుంటున్నారు. మగవాళ్ల వైపు గొడవ. "ఇదేం సినిమా? ఆడపిల్లలున్న సంసారులం, ఇదా మాకు చూపించేది?" అని ఓ పెద్దాయన కుర్చీ తోసుకుని లేచాడు. ఇంకో నలుగురు లేచారు. సన్యాసిరావు గారు వేదిక ఎక్కి మైకు తీసుకున్నారు. "ఇది నా ఎంపిక కాదు" అన్నారు.

"మరెవరిది?" అన్నారెవరో.

ఆయన కళ్లు ఆడవాళ్ల వైపు తిరిగి నా మీద ఆగాయి. గొంతు మెత్తగా చేసి, "ఏమ్మా, లిస్టు తెచ్చిచ్చేది నువ్వే కదూ? ఎవరు రాశారో చెప్పు. భయపడకు" అన్నారు.

నేను భయపడలేదు. ఇన్నాళ్లకి ఆయనే అడుగుతున్నాడు, మైకులో, అందరి ముందూ. లేచి నిలబడి, ఎంత గట్టిగా అరవగలనో అంత గట్టిగా చెప్పాను. "మా పిన్ని! అన్నీ మా పిన్నే రాసింది!" చప్పట్లు కొడతారనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, చప్పట్ల కోసం చూశాను.

"విన్నారుగా" అన్నారు సన్యాసిరావు గారు. "మొగుణ్ణి వదిలేసి వచ్చినావిడ, మన ఆడపిల్లలు ఏం చూడాలో రాసిచ్చింది. పోనీలే పాపం అని ఈ ఒక్కసారికి నమ్మాను. నాదే పొరపాటు. సభ్యులందరూ మన్నించాలి."

పిన్ని లేచింది. "ఒక్కసారి కాదండీ" అంది.  "ఆరేళ్లనించి నేనే రాస్తున్నాను. మిగతావన్నీ మీవి, ఇదొక్కటే నాదా?"

 మగవాళ్ల వైపు నుంచి నాన్న గొంతు వినిపించింది. "సత్యా, కూచో." తొమ్మిదేళ్లలో ఆవిడ పేరు ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. పిన్ని కూచోలేదు. చెప్పులు వెతుక్కుని, వరస దాటి, మధ్య దారిలోంచి నడిచి బయటికి వెళ్లిపోయింది. ఆవిడకి దారివ్వడానికి కాళ్లు ముడుచుకున్న ఆడవాళ్లందరూ ఆవిడ కుట్టిన జాకెట్లు వేసుకున్నవాళ్లే. ఒక్కరూ లేవలేదు. అమ్మ కూడా లేవలేదు. నేను లేచే ఉన్నాను, కాని వెనకాల వెళ్లలేదు. సన్యాసిరావు గారు జీవితంలో ఆ లిస్టు తనది కాదని నిజం చెప్పింది ఆ ఒక్కరోజే. ఆ నిజంతోనే మా పిన్నిని వీధిన పెట్టాడు.

తర్వాత జరిగింది ఎవరూ గట్టిగా మాట్లాడకుండానే జరిగింది. జాకెట్లు రావడం ఆగిపోయింది. సగం కుట్టినవి కూడా మనుషుల్ని పంపి వెనక్కి తెప్పించుకున్నారు. నాన్న అన్నం దగ్గర అమ్మతో, "షాపులో తలెత్తుకోలేకపోతున్నాను" అన్నాడు. పిన్ని వడ్డిస్తూ ఉంది. గరిటె గిన్నెలో పెట్టి, "నెలాఖరుకి వెళ్లిపోతాను బావా" అంది. ఉండిపొమ్మని నాన్న అనలేదు. ఎక్కడికని అడగలేదు కూడా. పవర్ హౌస్ మార్కెట్లో పిన్ని దారాలు కొనే చోట కుట్టుపని చేసే ఓ ఛత్తీస్‌గఢీ దీదీ ఉండేది. ఆ దీదీ చెల్లెలు దగ్గర్లోని కుమ్హారిలో ఆడపిల్లల బడిలో ఆయా. ఆ బడిలో కుట్టు నేర్పే పని దొరికింది. పిన్ని మళ్లీ మిషన్ రిక్షాలో వేసుకుని మళ్లీ స్టేషనుకి వెళ్లింది. నేను బడికి వెళ్లిన వేళ చూసి వెళ్లింది.

ఇప్పుడు మా వయసువాళ్లు కలిస్తే ఆ హాలు గురించి కళ్లు చెమ్మగిల్లేలా మాట్లాడతారు. అందరం ఒక్కచోట కూర్చుని చూసేవాళ్లం, ఎంత ఐకమత్యం, ఇప్పుడెవడి ఫోను వాడిది, ఒకే ఇంట్లో నలుగురు నాలుగు సినిమాలు చూస్తున్నారు అంటారు. నాకా మాట వింటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అవును, అందరం కలిసే కూర్చున్నాం. అందరం కలిసే ఒక మనిషిని బయటికి పంపాం. ఇప్పటి పిల్ల తనకి నచ్చిన సినిమా తన గదిలో చూసుకుంటుంటే ఎవడూ మైకు పట్టుకుని దాని మొగుడి సంగతి అడగడు. నాకు ఆ ఫోనే నయం.

కిరణ్ వచ్చి వెళ్లిన మూడో రోజు కుమ్హారి వెళ్లాను. పిన్నికి ఎనభై దాటాయి. బడి దగ్గరే రెండు గదులు కట్టుకుంది. ఇన్నేళ్లలో ఏడాదికి రెండుసార్లు వెళ్తూనే ఉన్నాను, పళ్లూ స్వీట్లూ పట్టుకుని. ఆ ఆదివారం సంగతి మాత్రం నేనెత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. ఈసారి కాగితం సంగతి, సంచిక సంగతి అంతా చెప్పాను. చెప్పి, కళ్లు తుడుచుకుంటూ, "ఆ రోజు నేను లేచి నీ పేరు చెప్పకపోతే..." అన్నాను.

"నువ్వు నిజం చెప్పినావు. పన్నెండేళ్ల పిల్లవి. దానికి ఏడవడం దేనికి?" అంది చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. అంతటితో ఆగితే నాకు హాయిగా ఉండేది. ఆగలేదు. "నాకు కోపం దాని మీద కాదు. నీ కథల మీద."

"కథలా?"

"మూడు కథలు రాసినావు నా మీద. ప్రైజు కూడా ఇచ్చినారు ఒకదానికి. అందులో అది సినిమాలు మానీసి, కిటికీ పక్కన కూర్చుని, దారినపోయేవోళ్లని చూసి ఏడుస్తాది. ఎవర్తె అది? నేనెప్పుడు మానీసినాను?"

 మానేసిందనే నేననుకున్నాను. యాభై ఏళ్లుగా అలాగే అనుకుని జాలిపడుతున్నాను.

"వారం వారం రాయపూర్ వెళ్లి మ్యాట్నీ చూసినాను. రిటైరయ్యేదాకా సెలవు రోజున, రిటైరయ్యాక ఏ రోజు కావాలంటే ఆ రోజు. హిందీ, ఇంగ్లీషు, మనవి వస్తే మనవి. ఆడోళ్లు ఒంటరిగా వెళ్లకూడదని టికెట్టు కిటికీ దగ్గర ఎవడో అంటే, 'తేరే బాప్ కా హాల్ హై క్యా', నీ బాబు హాలా ఇది, అన్నాను. వాడు నోరు మూసినాడు. అది రాయలేదే? నన్ను ఏడిపించీసి పేరు తెచ్చుకున్నావు. ఆ సన్యాసిరావు నా లిస్టు పట్టుకుపోయినాడు, నువ్వు నా బతుకు పట్టుకుపోయినావు. ఎక్కువెవరు పట్టుకుపోయినారో నువ్వే చెప్పు."

నాకు కోపం వచ్చింది. నిజమే చెప్తున్నాను, ఆవిడ మీద కోపం వచ్చింది. "ఇన్నేళ్లలో ఒక్కసారైనా నాతో ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను. "నువ్వు అడిగినావా?" అంది పిన్ని. "స్వీట్లు తెచ్చినావు. మోకాళ్లెలా ఉన్నాయన్నావు. ఏ సినిమా చూసినావు పిన్నీ అని ఒక్కసారి అడిగినావా?" చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. చాలాసేపటికి టీ తెచ్చింది. తాగి, గ్లాసులు కడిగిపెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి కిరణ్‌కి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను, మైకుతో సహా.  "నాకు తెలీదు ఆంటీ, సచ్ మే" అన్నాడు. నమ్మాను. రెండ్రోజులాగి మళ్లీ చేశాడు. "పప్పా చాలా గుస్సా అయ్యారు. తాతగారి పేరు తీయడం కుదరదు. లేకిన్ కాగితం కింద ఒక లైన్ వేస్తాం. 'ఈ ఎంపికలో శ్రీమతి సత్యవతి గారు సాయం చేశారు' అని. ఠీక్ హై నా?" నాకు ఠీక్ కాదు. అయినా ఆవిడ తరఫున నేను మాట్లాడడం ఇక చాలనిపించి, ఆ మాట ఉన్నదున్నట్టు పిన్నికి ఫోనులో చెప్పాను.

"సాయమా?" అంది పిన్ని. "రాసింది నేను. మైకులో చదివి సాయపడినోడు వాడు. అలా వేస్తే వెయ్యమను, లేకపోతే నా పేరు ఎత్తొద్దను."

ఆ మాట అలాగే కిరణ్‌కి అందించాను. వాళ్లు వెయ్యలేదు. సంచికలో ఆవిడ చేతిరాతా ఆయన సంతకమూ అచ్చయ్యాయి, పేరు ఆయనదే. ప్రారంభానికి రమ్మని కార్డు వచ్చింది. నేను వెళ్లలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం కుమ్హారి వెళ్లాను. గుమ్మంలోనే, "ఈ వారం ఏ సినిమా చూస్తున్నావు పిన్నీ?" అని అడిగాను. పిన్ని నా వైపు ఎగాదిగా చూసి, "దయ్యాలది. వస్తే రా, మధ్యలో లేచి పోదామంటే మాత్రం ఊరుకోను" అంది. ఆటోలో రాయపూర్ వెళ్లాం. ఇంటర్వెల్ వరకూ కళ్లు మూసుకునే కూర్చున్నాను. పక్కన పిన్ని చీకట్లో సన్నగా నవ్వుతోంది. ముందు వరసలో కుర్రాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ లెక్క చెయ్యలేదు. మోచేత్తో నన్ను పొడిచి, "కళ్లు తెరవే. ఉత్త మేకప్పు. ఇంతకంటే నయమైన దయ్యాల్ని మన సెక్టర్లోనే చూసినాను" అంది.